గాలి మారితే పెట్రోలూ మారాలి

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక కొత్త బైకుల్లో కార్బురేటర్ దాదాపు కనుమరుగైంది. కానీ మన హాస్టల్ పార్కింగులో నాన్నలు నడిపి మనకిచ్చిన పాత స్ప్లెండర్లు, పల్సర్లు ఇంకా ఉన్నాయి. "కోన్ ఫిల్టర్ పెట్టురా, పికప్ పెరుగుతాది" అనే మాట నేను రోజూ వింటున్నా. పెట్టే ముందు లోపల జరిగేది చూద్దాం.

కార్బురేటర్ ఇరుకు గొంతులో గాలి వేగంగా పోతుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో చదివిన బెర్నూలీ సూత్రం ఇదే: వేగం పెరిగితే పీడనం తగ్గుతుంది. ఆ తేడాతోనే ఫ్లోట్ చాంబర్‌లోని పెట్రోలు జెట్ గుండా పైకి వస్తుంది. గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి.

కంపెనీ ఎయిర్‌బాక్స్ గాలికి కొంత అడ్డు. ఆ అడ్డు గొంతులో పీడనాన్ని ఇంకొంచెం తగ్గిస్తుంది. జెట్ సైజు దాన్ని లెక్కలోకి తీసుకునే పెట్టారు. అడ్డు తీసేస్తే గాలి పెరుగుతుంది, జెట్ మీద లాగుడు తగ్గుతుంది. అంటే మిశ్రమం రెండు వైపుల నుంచీ లీన్ అవుతుంది. ఇంజన్ వేడెక్కుతుంది, రేజ్ వదిలితే సైలెన్సర్ పటపటమంటుంది. అలాగే నడిపితే పిస్టన్‌కే ముప్పు.

తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. ఇద్దరు ఎక్కి, రెండో గేరులో, రేజ్ నిండుగా ఇచ్చి పోతుంటే ఇంజన్‌కు తగిలే గాలి తక్కువ. "పైన గాలి పలచన, మిశ్రమం రిచ్ అవుతుంది కదా" అనొచ్చు. నిజమే. దాదాపు 700 మీటర్ల ఎత్తుకు గాలి సాంద్రత ఏడు శాతం దాకా తగ్గుతుంది, మిశ్రమం మాత్రం మూడు శాతం చిల్లరే రిచ్ అవుతుంది. దాన్ని నమ్ముకోలేం.

పెట్టాలనుకుంటే వరస ఇది:

1. కార్బురేటర్ మూతి వ్యాసం వెర్నియర్‌తో కొలిచి, సరిపోయే ఫిల్టరే కొనండి. క్లాంప్ దగ్గర సందు ఉండకూడదు.
2. మెయిన్ జెట్ ఒక సైజు పెంచండి. అది నిండు రేజ్‌కు పనిచేస్తుంది. సగం రేజ్‌కు నీడిల్, ఐడిల్‌కు పైలట్ స్క్రూ చూసుకోవాలి.
3. స్క్రూ ఇంజన్ వైపుంటే బయటికి తిప్పితే రిచ్. ఫిల్టర్ వైపుంటే లోపలికి తిప్పితే రిచ్.
4. కొంత దూరం నడిపి, ఇంజన్ చల్లారాక ప్లగ్ తీసి చూడండి. తెల్లగా ఉంటే లీన్, నల్లటి మసి ఉంటే రిచ్, బిస్కెట్ రంగుంటే సరి.

దుమ్ము సంగతీ మరవద్దు. రేణిగుంట రోడ్డులో లారీల వెనక పోయే బండికి ఆయిల్ ఆరిపోయిన కాటన్ ఫిల్టర్ ఉంటే ఆ దుమ్ము సిలిండర్ గోడల్నీ రింగుల్నీ అరగదీస్తుంది. వానకు తడిసే చోట కోన్ బిగించకూడదు.

నా సలహా అడిగితే, 100 సీసీ బండికి దీంతో వచ్చే లాభం చాలా తక్కువ. ముందు కంపెనీ పేపర్ ఫిల్టర్ కొత్తది వేసి చూడండి. పోయిందనుకున్న పికప్ చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. జెట్ మార్చే ఓపిక లేకపోతే ఫిల్టరూ మార్చొద్దు.