సహాయ శునకాలు: అసలు, నకిలీ

పులితోలు కప్పుకుని పరుల పొలాల్లో మేసిన గాడిద కథ పంచతంత్రం చదివిన తెలుగు పిల్లలందరికీ తెలిసినదే. దూరం నుండి చూసినవారు పులి అని భయపడి తప్పుకున్నారు. ఒకనాడు అది ఓండ్ర పెట్టగానే గుట్టు రట్టయింది. ఆ కథలో మోసానికి మూల్యం చెల్లించినది గాడిద ఒక్కటే. నేటి నగరాలలో అటువంటి మోసమే మరొక రూపంలో కనిపిస్తున్నది. ఇంట్లో ముద్దుగా పెంచుకునే కుక్కకు 'సహాయ శునకం' అని రాసిన కోటు తొడిగి, కుక్కలకు ప్రవేశం లేని దుకాణాలకు, విమానాలకు తీసుకొని వెళ్ళేవారు ఉన్నారు. అయితే ఈ మోసానికి మూల్యం చెల్లించేది ఆ కుక్కా కాదు, దాని యజమానీ కాదు; నిజంగా శునకంపై ఆధారపడి జీవించే మూడవ వ్యక్తి.

న్యూ లిన్‌లో నివసించే తెలుగు కుటుంబాలకు ఈ విషయం దూరమైనది కాదు. 1963లో ప్రారంభమైన లిన్‌మాల్, దాని సమీపంలో వీధి మట్టానికి దిగువన కందకంలో 2010లో నిర్మితమైన రైలు స్టేషను, పైన బస్సుల రద్దీ కలిసి ఈ ప్రాంతాన్ని పశ్చిమ ఆక్లండ్‌కు ఒక కూడలిగా చేశాయి. చూపు లేని వ్యక్తి ఇక్కడ రైలు దిగి దుకాణానికి చేరాలంటే లిఫ్టు, జనసమ్మర్దం, బస్సుల దారి అన్నిటినీ దాటాలి. ఆ ప్రయాణంలో అతని కన్ను శునకమే. అటువంటి కూడళ్లలో దుకాణం నడిపేవారిలో, టాక్సీ తోలేవారిలో తెలుగువారూ ఉంటారు. కనుక అసలేదో, నకిలీ ఏదో, చట్టం ఏమి చెబుతుందో తెలిసి ఉండటం అవసరం.

చరిత్ర

మొదటి ప్రపంచయుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ నగరంలో డాక్టర్ గెర్హార్డ్ స్టాలింగ్ మార్గదర్శి శునకాల శిక్షణశాలను ప్రారంభించాడు. జర్మనీలో ఈ కృషిని చూసిన అమెరికన్ మహిళ డొరొతీ హారిసన్ యూస్టిస్ 1927 నవంబరులో ఒక పత్రికలో వ్యాసం రాసింది. అది చదివించుకుని విన్న అంధ యువకుడు మోరిస్ ఫ్రాంక్ ఆమెకు ఉత్తరం రాశాడు. 1928లో 'బడీ' అనే శునకంతో అమెరికాకు తిరిగివచ్చాడు. మరుసటి సంవత్సరమే అక్కడ 'సీయింగ్ ఐ' సంస్థ వెలసింది. బ్రిటన్‌లో తొలి నాలుగు మార్గదర్శి శునకాలు 1931లో శిక్షణ పూర్తి చేసుకున్నాయి. న్యూజిలాండ్‌లో 1973 నుండి అంధుల సంస్థ స్వయంగా ఈ సేవను నడుపుతున్నది; దాని శిక్షణ కేంద్రం ఆక్లండ్ దక్షిణ భాగంలోని మనురేవాలో ఉన్నది.

కాలక్రమేణా శునకాల పనులు విస్తరించాయి. చెవిటివారికి తలుపు గంటను, అగ్నిప్రమాద సూచికను తెలియజేసేవి, చక్రాల కుర్చీలో ఉన్నవారికి పడిన వస్తువులను అందించేవి, మూర్ఛరోగికి, మధుమేహ రోగికి, ఆటిజం గల పిల్లలకు తోడుగా ఉండేవి వచ్చాయి.

ముక్కు ప్రకృతిది, నమ్మకం శిక్షణది

కుక్క ఘ్రాణశక్తి ఎంతటిదో కొలిచిన ప్రయోగాలు అనేకం. అరటిపండు వాసనను తలపించే అమైల్ ఎసిటేట్ అనే పదార్థంతో 2006లో ప్రచురితమైన ఒక పరిశోధనలో రెండు శునకాలు లక్ష కోట్ల పాళ్లలో ఒకటి రెండు పాళ్ల మేర ఉన్న వాసనను కూడా గుర్తించాయి. ఈ నిష్పత్తిని నీటితో పోల్చి చెప్పాలంటే, సుమారు 20 ఒలింపిక్ ఈతకొలనుల నీటిలో ఒక్క చుక్క కలిపినట్లు.

మనిషి శ్వాసలోనూ, చెమటలోనూ వందలాది బాష్పశీల పదార్థాలు ఉంటాయి. దేహస్థితి మారితే వాటి పాళ్లు మారుతాయి. కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు 2016లో ప్రచురించిన పరిశోధనలో మొదటి రకం మధుమేహం గల ఎనిమిది మంది స్త్రీల రక్తంలో చక్కెరను వైద్య పర్యవేక్షణలో తగ్గించి చూశారు. చక్కెర పడిపోయినప్పుడు వారి శ్వాసలో ఐసోప్రీన్ అనే హైడ్రోకార్బన్ గణనీయంగా పెరిగింది. శునకాలు పసిగట్టేది దీనినే కావచ్చునని వారు భావించారు. 2022లో బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయం వారు 36 మంది చెమట, శ్వాస నమూనాలను నాలుగు శునకాలకు చూపగా, మానసిక ఒత్తిడికి ముందటి నమూనాకూ, ఒత్తిడి కలిగిన తరువాతి నమూనాకూ గల భేదాన్ని అవి 93.75 శాతం సార్లు సరిగా గుర్తించాయి.

ఇది చదివి 'అయితే మా ఇంటి కుక్క కూడా సహాయ శునకమే కదా' అనుకునేవారు ఉండవచ్చు. ఇక్కడే ఒక సూక్ష్మాన్ని గమనించాలి. బెల్‌ఫాస్ట్ శునకాలు కూడా పెంపుడు కుక్కలే. కాని వాసన గుర్తించగానే నిర్ణీత పద్ధతిలో తెలియజేయటానికి వాటికి ముందుగా శిక్షణ ఇచ్చారు. వాసన పసిగట్టటం ఒకటి. పసిగట్టిన ప్రతిసారీ, ఎంత రద్దీలోనైనా, ఆ విషయాన్ని యజమానికి తెలియజేయటం మరొకటి. మొదటిది ప్రతి కుక్కకూ పుట్టుకతో వచ్చినది. రెండవది అభ్యాసంతో వచ్చేది. ప్రయోగశాలలో తూకపు యంత్రం ఎంత సున్నితమైనదైనా, తెలిసిన బరువులతో సరిచూడనిదే దాని అంకెను ఎవరూ నమ్మరు. శునకానికి శిక్షణ, పరీక్ష అటువంటి సరిచూపు.

సరిచూసిన తరువాత కూడా ఫలితం నూటికి నూరు కాదు. బ్రిటన్‌లో శిక్షణ పొందిన 27 మధుమేహ శునకాలపై 2019లో ప్రచురితమైన పరిశీలనలో, చక్కెర తగ్గిన సందర్భాలలో మధ్యస్థంగా 83 శాతం, పెరిగిన సందర్భాలలో 67 శాతం శునకాలు గుర్తించాయి. ఒక శునకానికీ మరొక దానికీ చాలా వ్యత్యాసం కనిపించింది. శిక్షణ పొందినవాటి సంగతే ఇది అయితే, కోటు ఒక్కటే అర్హతగా గల కుక్కను ప్రాణరక్షణకు ఎలా నమ్మగలరు?

మార్గదర్శి శునకం సంగతీ అంతే. కూన దశలో సుమారు ఒక సంవత్సరం స్వచ్ఛంద కుటుంబంలో పెరిగి, రైళ్లకు, దుకాణాలకు, పసిపిల్లల అల్లరికి అలవాటుపడి, ఆపైన కొన్ని నెలలు నిపుణుల వద్ద శిక్షణ పొందుతుంది. అనేకం మధ్యలోనే అనర్హమై ఇళ్లకు చేరతాయి. శునకమే దారి నిర్ణయిస్తుందని, సిగ్నల్ దీపాల రంగు చూసి రోడ్డు దాటిస్తుందని చాలామంది భ్రమ. దారి నిర్ణయించేది మనిషే. వాహనాల చప్పుడు విని 'పద' అని ఆజ్ఞ ఇచ్చేదీ అతడే. అయితే ఆ ఆజ్ఞ ప్రమాదకరమైనదైతే, అంటే ఎదురుగా వాహనం వస్తున్నా, గుంత ఉన్నా, శునకం కదలకుండా నిలబడిపోతుంది. వివేకంతో కూడిన ఈ అవిధేయత శిక్షణలో అత్యంత కఠినమైన ఘట్టం.

చట్టం ఏమంటున్నది?

న్యూజిలాండ్ శునక నియంత్రణ చట్టం (1996) ప్రకారం, చట్టంలో పేర్కొన్న సంస్థలలో ఒకటి ధ్రువీకరించిన శునకమే సహాయ శునకం. వైకల్యం గల వ్యక్తికి తోడుగా ఉన్నప్పుడు, శిక్షణలో ఉన్నప్పుడు దానికి బహిరంగ ప్రదేశాలలో ప్రవేశించే హక్కు ఉన్నది. మానవ హక్కుల చట్టం (1993) సహాయ శునకంపై ఆధారపడటాన్ని వైకల్యపు నిర్వచనంలోనే చేర్చింది. కనుక ఆ కారణంగా ఎవరికైనా సరుకులు, సేవలు నిరాకరించటం వివక్ష అవుతుంది. పౌర రక్షణ అత్యవసర సమయాలలో గుర్తించేందుకు ఈ శునకాలకు ప్రత్యేకమైన గుర్తింపు బిళ్ళ కూడా ఇస్తున్నారు. మనసుకు ఊరట కలిగించే పెంపుడు కుక్కకు ఈ ప్రత్యేక హక్కులు లేవు. ఆసుపత్రులకు, వృద్ధాశ్రమాలకు ఆహ్వానంపై వెళ్ళే సాంత్వన శునకానికీ ఆ ఆహ్వానం వరకే అనుమతి.

అమెరికాలోని బంధువుల మాట విని ఇక్కడి నియమాలను ఊహించుకోరాదు. అక్కడ 1990 నాటి వికలాంగుల చట్టం కింద ధ్రువపత్రం చూపనవసరం లేదు. వైకల్యం పైకి కనిపించనప్పుడు దుకాణదారు రెండే ప్రశ్నలు అడగవచ్చు: ఈ శునకం వైకల్యం కారణంగా అవసరమా? ఇది ఏ పని చేయటానికి శిక్షణ పొందినది? రోగి గోప్యతను కాపాడటానికి ఏర్పరచిన ఈ నమ్మకపు పద్ధతిని కొందరు దుర్వినియోగం చేశారు. చట్టంలో ఎటువంటి విలువా లేని 'రిజిస్ట్రేషన్' పత్రాలు, కోట్లు అంతర్జాలంలో అమ్ముడుపోయాయి. విమానాలలో 'మానసిక ఊరట జంతువులు' పెరిగి, 2018 జనవరిలో నూఆర్క్ విమానాశ్రయంలో ఒక నెమలిని ఎక్కించటానికి ప్రయత్నం జరిగేవరకు వచ్చింది. చివరకు 2021 జనవరి నుండి ఊరట జంతువులను సేవా జంతువులుగా గుర్తించే బాధ్యత విమాన సంస్థలకు తొలగింది. ఫ్లోరిడా, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలలో ఇటువంటి మోసం శిక్షార్హమైన నేరం.

నష్టం ఎవరికి?

మొదటి నష్టం ప్రత్యక్షమైనది. రద్దీకి అలవాటులేని కుక్క బెదిరి, ఎదురైన మార్గదర్శి శునకంపై మొరగవచ్చు, పైకి దూకవచ్చు. అది వస్తున్నట్లు అంధుడికి కనిపించదు. దాడికి గురైన శునకం ఇతర కుక్కలను చూస్తే భయపడి, పనికి శాశ్వతంగా దూరం కావచ్చు. అప్పుడు ఆ మనిషి మరొక శునకం దొరికేవరకు ఇంటికే పరిమితమవుతాడు. అలాగే మధుమేహ శునకం దృష్టి కొద్ది నిమిషాలు మరలినా, ఒక హెచ్చరిక తప్పిపోవచ్చు.

రెండవది కనిపించని నష్టం. ఒక నకిలీ కుక్క దుకాణం నేలను పాడుచేస్తే, ఆ దుకాణదారు మరునాడు వచ్చిన అసలు శునకాన్నీ అనుమానిస్తాడు. సీసాపై చీటీ ఒకటి, లోపలి పదార్థం మరొకటి అని ఒక్కసారి తేలితే, ప్రయోగశాలలో ఆ అలమారులోని ఏ సీసానూ ఎవరూ నమ్మరు. తన అవసరాన్ని గుమ్మం గుమ్మం వద్ద నిరూపించుకోవలసిన దుస్థితి అప్పుడు నిజమైన రోగిపై పడుతుంది.

గమనించవలసినవి

శునకం కోటు కన్న నడవడికను చూడాలి. శిక్షణ పొందినది యజమాని పక్కనే నడుస్తుంది, బల్ల కింద నిశ్శబ్దంగా పడుకుంటుంది, సరుకులను వాసన చూడదు, దారిన పోయేవారిపై ఎగబడదు. అయితే వైకల్యం కంటికి కనిపించటం లేదని మాత్రం ఎవరినీ మోసగాడనరాదు. మూర్ఛ, మధుమేహం, చెవుడు ముఖాన రాసి ఉండవు. దుకాణదారులకు సందేహం కలిగితే ఏ సంస్థ ధ్రువీకరించినదో మర్యాదగా అడగవచ్చు. రోగం ఏమిటని అడగటం తగదు. టాక్సీ నడిపేవారు కుక్క అంటే భయమనో, వాహనం మలినమవుతుందనో అంధుడిని దారిలో వదిలిపోరాదు.

పిల్లలకు నేర్పవలసినది ఒక్కటే: పనిలో ఉన్న శునకాన్ని పిలవరాదు, తాకరాదు, తినుబండారం పెట్టరాదు. మాట్లాడాలనిపిస్తే శునకంతో కాక మనిషితో మాట్లాడాలి. తమ బిడ్డకు శునకం నిజంగా అవసరమని భావించే తల్లిదండ్రులు వైద్యుని సలహా తీసుకుని, ధ్రువీకరించే అధికారం గల సంస్థకు దరఖాస్తు చేయటమే సరైన మార్గం. నిరీక్షణ దీర్ఘమైనా, చివరకు లభించేది నమ్మదగిన తోడు.

ఇంట్లో పెంచుకునే కుక్క ప్రేమకు ఏ ధ్రువపత్రమూ అవసరం లేదు. ఇంటిల్లిపాదికీ ఊరటనిచ్చే ఆ ప్రాణిని దాని స్థానంలోనే గౌరవించి, పరుల కన్నుగా, చెవిగా పనిచేసే శునకానికి దారి విడవటం ప్రతి ఒక్కరి బాధ్యత.