అండాశయంలో విటమిన్ డి గ్రాహకం – పాడి పశువుల పునరుత్పత్తికి దాని అన్వయం

ఈనిన తరువాత సకాలంలో ఎదకు రాని గేదెలకు, వయసు వచ్చినా ఎద లక్షణాలు చూపని పడ్డలకు విటమిన్ ఎ, డి3, ఇ కలిసిన ఇంజెక్షన్లు ఇవ్వడం క్షేత్రస్థాయిలో సాధారణమైన వాడుక. అండాశయంలో విటమిన్ డి గ్రాహకం ఉన్నదన్న పరిశోధన ఫలితం ఈ వాడుకకు శాస్త్రీయమైన ఆధారంగా తోచడం సహజం. గ్రాహకం ఉన్న మాట నిజమే. అయితే ఒక అవయవంలో గ్రాహకం ఉండడం వేరు, ఆ విటమిన్ లోపం వల్లనే ఆ అవయవం పని చేయడం లేదనడం వేరు. ఈ రెంటికీ మధ్య గల దూరాన్ని ఇంతవరకు జరిగిన ప్రయోగాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఒక ఎద తప్పితే మరల సుమారు 21 రోజుల వరకు అవకాశం లేదు. అన్ని రోజుల మేపు ఖర్చు రైతు మీదనే పడుతుంది. కారణాన్ని తప్పుగా నిర్ణయిస్తే ఆ నష్టం ప్రతి ఎదకూ పునరావృతమవుతుంది.

విటమిన్ అనబడే హార్మోను

1922లో మెకాలమ్ ఈ పదార్థానికి విటమిన్ డి అని పేరు పెట్టినప్పుడు దీనిని ఆహారం ద్వారా లభించవలసిన పోషకంగా భావించారు. వాస్తవానికి చర్మంలోని 7-డీహైడ్రోకొలెస్టరాల్, సూర్యకాంతిలోని 290–315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కిరణాలను గ్రహించి మొదట పూర్వ విటమిన్‌గాను, పిదప శరీర ఉష్ణం వల్ల విటమిన్ డి3గాను మారుతుంది. ఇది కాలేయంలో 25-హైడ్రాక్సీ విటమిన్ డిగా మారి రక్తంలో నిలువ ఉంటుంది. మూత్రపిండాలలో మరొక హైడ్రాక్సిల్ సమూహం చేరి 1,25-డైహైడ్రాక్సీ విటమిన్ డి అనే క్రియాశీల రూపం ఏర్పడుతుంది. ఒకచోట తయారై, రక్తం ద్వారా వేరొకచోటికి చేరి, కేంద్రకంలోని గ్రాహకం ద్వారా పనిచేసే పదార్థాన్ని హార్మోను అనక తప్పదు. పేరు మాత్రం పాతదే నిలిచిపోయింది.

1969లో హాస్లర్, నార్మన్‌లు కోడిపిల్లల పేగు కణాల కేంద్రకాలలో ఈ గ్రాహకం ఉనికిని చూపారు. క్రియాశీల విటమిన్ డి వచ్చి చేరినప్పుడు గ్రాహకం రెటినాయిడ్ ఎక్స్ గ్రాహకంతో జతకట్టి, డి.ఎన్.ఏ.పై నిర్ణీత స్థానాలను అంటిపెట్టుకుని, కొన్ని జన్యువుల పనిని పెంచుతుంది, కొన్నింటి పనిని తగ్గిస్తుంది. పేగు నుంచి కాల్షియం, భాస్వరం శోషణను పెంచడం దీని ప్రధాన విధి. అటు పిమ్మట ఎముక, మూత్రపిండం, పారాథైరాయిడ్ గ్రంథి, రోగనిరోధక కణాలు మొదలైన చోట్లనే గాక అండాశయంలోను ఈ గ్రాహకాన్ని గుర్తించారు.

అండపుటికలో జరిగే పని

పుటికలో ఈస్ట్రోజెన్ తయారీ రెండు రకాల కణాల ఉమ్మడి పని. పీయూష గ్రంథి నుంచి వచ్చే ఎల్.హెచ్. ప్రేరణతో వెలుపలి థీకా కణాలు ఆండ్రోజెన్లను తయారుచేస్తాయి. లోపలి గ్రాన్యులోజా కణాలు ఎఫ్.ఎస్.హెచ్. ప్రేరణతో ఆరోమటేజ్ అనే ఎంజైము సాయాన వాటిని ఈస్ట్రోజెన్లుగా మారుస్తాయి. గేదె ఎద చూపడం, మ్యూకస్ తీగలు వేయడం, పరధ్యానంగా అరవడం ఈ ఈస్ట్రోజెన్ ఫలితమే. కనుక ఆరోమటేజ్ మందగిస్తే ఎద కూడా మందగిస్తుంది.

ఈ కణాలపై విటమిన్ డి నేరుగా పనిచేస్తుందనడానికి మంచి సాక్ష్యం గుడ్లకోడి నుంచి లభించింది. కోడి అండాశయంలో 6–8 మిల్లీమీటర్ల పరిమాణంలో ఉన్న చిన్న పుటికల నుంచి దాదాపు రోజుకొకటి ఎంపికై పెద్ద పుటికల వరుసలో చేరుతుంది. అపక్వ పుటికల గ్రాన్యులోజా కణాలలో యాంటీ ముల్లేరియన్ హార్మోను అధికంగా ఉండి, ఎంపిక సమయానికి తగ్గుతుంది. 2012లో వోజ్తుసిక్, జాన్సన్‌లు ప్రచురించిన అధ్యయనంలో, ఈ కణాలకు క్రియాశీల విటమిన్ డి అందించినప్పుడు యాంటీ ముల్లేరియన్ హార్మోను జన్యు వ్యక్తీకరణ తగ్గి, ఎఫ్.ఎస్.హెచ్. గ్రాహకం వ్యక్తీకరణ పెరిగింది. అనగా పుటిక ముందడుగు వేయడానికి అనుకూలమైన మార్పు. మానవ అండాశయ కణాల పెంపకంలో 2010లో వెలువడిన ఫలితాలలోను ప్రొజెస్టిరాన్, ఈస్ట్రోజెన్ల ఉత్పత్తి పెరిగింది. అయితే ఆ పెరుగుదల స్వల్పమే. గాజు పాత్రలోని కణాలకు రక్తంలోని కాల్షియం మార్పులతో ప్రమేయం లేదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. అసలు చిక్కు అక్కడే ఉన్నది.

గ్రాహకం లేని చిట్టెలుకలు

విటమిన్ డి లోపించిన ఆహారంతో పెంచిన ఆడ ఎలుకలలో సంతానోత్పత్తి సామర్థ్యం గణనీయంగా పడిపోయిందని 1980లో హాలొరన్, డిలూకాలు చూపారు. కాని లోపం ఏర్పడినప్పుడు రక్తంలో కాల్షియం కూడా తగ్గుతుంది. నష్టం విటమిన్ లేకపోవడం వల్లనా, కాల్షియం తగ్గడం వల్లనా అన్నది ఆ ప్రయోగం మాత్రమే తేల్చలేదు.

1997లో కాటో బృందం గ్రాహక జన్యువును తొలగించిన చిట్టెలుకలను రూపొందించింది. వాటిలో రికెట్స్‌తో పాటు గర్భాశయం ఎదగకపోవడం, పుటికల అభివృద్ధి కుంటుపడడం కనిపించాయి. 2000లో కినూటా ప్రభృతులు ఇటువంటి చిట్టెలుకల అండాశయంలో ఆరోమటేజ్ చర్యను కొలువగా, అది సాధారణ చిట్టెలుకలతో పోలిస్తే 24 శాతం మాత్రమే ఉన్నది. ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్.లు పెరిగి ఉన్నాయి. పీయూష గ్రంథి పిలుస్తున్నది, అండాశయం పలకడం లేదన్న మాట. ఆహారంలో అదనపు కాల్షియం ఇచ్చి రక్తంలో దాని స్థాయిని సరిచేయగా ఆరోమటేజ్ చర్య 60 శాతానికి చేరింది, ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్.లు మాత్రం పెరిగిన స్థాయిలోనే ఉండిపోయాయి.

ఈ 24, 60 అంకెలను విడివిడిగా చదవరాదు. గ్రాహకం తిరిగి రాలేదు, విటమిన్ పనిచేయలేదు, అయినా కోల్పోయిన దానిలో దాదాపు సగం కాల్షియంతోనే కోలుకున్నది. మిగిలిన లోటు అండాశయంపై విటమిన్ డి నేరుగా చూపే ప్రభావానికి చెందినది కావచ్చు. 2001లో జాన్సన్, డిలూకాలు మరొక మెట్టు ముందుకు పోయి, గ్రాహకం లేని చిట్టెలుకలు సైతం అధిక కాల్షియం గల ఆహారంపై సంతానం పొందగలవని చూపారు. నేరు ప్రభావం ఉన్నా, సంతానోత్పత్తికి అది అనివార్యం కాదనీ, కాల్షియం సమకూర్చడమే విటమిన్ డి చేసే పెద్ద ఉపకారమనీ దీనిని బట్టి భావించవచ్చు.

స్త్రీలలో జరిగిన ఒక పెద్ద పరీక్ష కూడా ఇదే జాగ్రత్తను సూచిస్తున్నది. 2021లో ఇటలీలో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, విటమిన్ డి తక్కువగా ఉండి కృత్రిమ ఫలదీకరణకు వచ్చిన 630 మందిలో కొందరికి ఒకేసారి 6,00,000 యూనిట్లు, మిగిలినవారికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. గర్భధారణ శాతంలో మెరుగుదల కనిపించలేదు.

మన గేదెల స్థితి

డెన్మార్క్‌లో హైమొల్లర్, జెన్‌సెన్‌లు 2010లో ఆవుల శరీరాన్ని వేర్వేరు మేరకు వస్త్రంతో కప్పి పరిశీలించగా, ఎండ సోకే చర్మ వైశాల్యాన్ని బట్టి రక్తంలోని 25-హైడ్రాక్సీ విటమిన్ డి స్థాయి మారింది. వెంట్రుకలు అడ్డు కాలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఎండకు కొరత లేదు. అయితే గేదె నల్లని చర్మంలోని మెలనిన్ అతినీలలోహిత కిరణాలను కొంత అడ్డగిస్తుంది. ఏడాది పొడవునా పాకలో కట్టి మేపే పశువులకు ఆ ఎండ కూడా దక్కదు. వీటికి లోపం రావడం అసంభవం కాదు. కాని మధ్యాహ్నం మాగాణి గట్లపై మేసే గేదెకు విటమిన్ డి లోపాన్ని మొదటి కారణంగా అనుమానించడం సమంజసం కాదు.

ఆ గేదెలో ముందు చూడవలసినది మేత. వరిగడ్డిలోని ఆక్సలేట్లు కాల్షియంతో కలిసి కరగని లవణంగా మారి శోషణను తగ్గిస్తాయి. గడ్డితో పాటు తవుడు మాత్రమే దాణాగా వేస్తే భాస్వరం ఎక్కువై, కాల్షియం మరింత వెనుకబడుతుంది. హైబ్రిడ్ నేపియర్ వంటి పచ్చిమేతలోను ఆక్సలేట్లు ఉన్నాయి కనుక పచ్చిమేత వేస్తున్నామన్న ధీమా చాలదు. పిల్లిపెసర, అలసంద, లూసర్న్ వంటి పప్పుజాతి మేతలు, రోజుకు సుమారు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఈ లోటును పూడుస్తాయి. విటమిన్ ఎంత ఇంజెక్షను చేసినా, శోషించుకోవడానికి పేగులో కాల్షియం లేకపోతే అది ఎముక నుంచి తీసి రక్తంలోకి పంపుతుందే గాని కొత్తగా సృష్టించదు.

ఎండలో కట్టమన్న సలహాకు సైతం హద్దు ఉన్నది. స్వేద గ్రంథులు తక్కువగా గల గేదెకు ఏప్రిల్, మే నెలల వడగాడ్పు ఎదనే అణచివేస్తుంది. వేసవిలో ఉదయం పూట, చలికాలంలో మధ్యాహ్నం ఆరుబయట ఉంచడం ఉచితం.

పాలిచ్చే ఆవులకు రోజుకు కిలో శరీర బరువుకు 40 యూనిట్లు చొప్పున విటమిన్ డి అవసరమని అమెరికా జాతీయ అకాడమీల 2021 సంచిక పేర్కొన్నది, 2001లో ఇది 30 యూనిట్లు. ఈ లెక్కన 500 కిలోల పశువుకు 20,000 యూనిట్లు. రక్తంలో 25-హైడ్రాక్సీ విటమిన్ డి మిల్లీలీటరుకు 20–50 నానోగ్రాములు ఉంటే పశువులలో సాధారణంగాను, 5 కంటే తక్కువైతే తీవ్ర లోపంగాను, 200 దాటితే విషతుల్యంగాను పరిగణిస్తారు. మోతాదు మించితే గుండె, రక్తనాళాలు, మూత్రపిండాలలో కాల్షియం పేరుకుంటుంది. కొవ్వులో నిలువ ఉండే విటమిన్ కనుక ఇచ్చిన దానిని వెనుకకు తీయలేము. ఎదకు రాని పశువుకు నెలకొకమారు పెద్ద మోతాదు పొడిపించే ముందు ఈ సంగతి ఆలోచించాలి.

చిట్టెలుకలలో వేసిన ప్రశ్ననే మన గేదెలలోను వేయవచ్చు. వరిగడ్డిపై ఆధారపడిన, ఈనిన 60 రోజులకు ఎదకు రాని గేదెలను నాలుగు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి ఖనిజ లవణ మిశ్రమం, రెండవ దానికి విటమిన్ డి3, మూడవ దానికి రెండూ, నాలుగవ దానికి యథాతథ మేత ఇవ్వాలి. ఆరంభంలోను, ఆరు వారాల తరువాతను రక్తంలో కాల్షియం, భాస్వరం, 25-హైడ్రాక్సీ విటమిన్ డి కొలవాలి. గేదెలలో మూగ ఎద ఎక్కువ కనుక కంటితో చూసిన ఎదను మాత్రమే లెక్కించక, వారానికి రెండుమార్లు పాలలోని ప్రొజెస్టిరాన్‌ను పరీక్షించి అండం విడుదలైనదీ లేనిదీ నిర్ధారించాలి.