పడవ ఎక్కే ముందు

మా అక్కకు, బావకు ఊర్లు చూడటమంటే ఇష్టం. భుజాన సంచి, సంచిలో సద్దిమూట. అంతే, బయలుదేరతారు.

ఈసారి పులికాట్ సరస్సుకు పోయారు. ఇది ఉప్పునీటి సరస్సు. మన దేశంలో చిలకా తర్వాత ఇదే పెద్దది. ఇందులో ఇరకం, వేనాడు అనే దీవులున్నాయి. దీవి అంటే చుట్టూ నీళ్లున్న నేల. ఇరకంలో చాలామంది చేపలు పట్టి బతుకుతారు. వాళ్లకు పడవే బస్సు.

ఇరకం పోయేందుకు భీములవారిపాలెం రేవుకు వచ్చారు. పడవ నిండా జనం.

"ఎక్కు, పొద్దుపోతా ఉంది" అన్నాడు బావ.

అక్క ఈ మధ్యనే చదువు నేర్చింది. పడవ మీద రాసిన అంకె చదివింది. తలలు లెక్కపెట్టింది.

"ఇప్పటికే నలుగురు ఎక్కువయ్యా. నేనెక్కను" అంది.

ఆ మాట విని కొందరు దిగారు. వాళ్లతోపాటే అక్కా బావా తర్వాతి పడవలో పోయారు. ఆలస్యమైంది. అయితేనేం? దీవి చూశారు, క్షేమంగా ఇల్లు చేరారు.

2011 డిసెంబరు 25న ఇదే సరస్సులో, తమిళనాడు వైపు, పడవ మునిగి 22 మంది చనిపోయారు. బరువు ఎక్కువైతే పడవ చిన్న అలకే ఒరుగుతుంది.

చర్చించండి: మీరెక్కే పడవలో ఎంతమంది ఎక్కవచ్చు? అందరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయా? లేకపోతే ఎవరిని అడగాలి?