నిలకడ లేని నాడి

ఎదుటివారి అంతరంగం గ్రహించినవానిని “నాడి పట్టాడు” అని తెలుగులో అంటాము. ఉర్దూలో “నబ్జ్ పహచాన్‌నా” అన్న నుడికారం కూడా ఆ అర్థంలోనే వున్నది. మణికట్టుపై వేళ్లుంచి రోగాన్ని పోల్చుకొన్న కాలం రెండు భాషలలోనూ ఇలా నిలిచిపోయింది. శార్ఙ్గధరుడు నాడీగతిని పాముతో, కప్పతో, హంసతో పోల్చాడు. యునానీ హకీములు జింకను, చీమను స్మరించి ‘గజాలీ’, ‘నమ్‌లీ’ అని పేర్లు పెట్టారు. భాషాబోధకులమైన మాకు ఈ ఉపమానాలు ముచ్చట గొలిపే మాట నిజమే గాని, ఈ వ్యాసం వ్రాయ పూనుకొనడానికి కారణం మా తరగతిలోని ఒక విద్యార్థిని.

ఆమె వయస్సు పద్దెనిమిది. ఉదయం ప్రార్థన సమావేశంలో రెండుమార్లు కుప్పకూలింది. నిలబడితే గుండెదడ, కళ్లకు చీకట్లు, పడుకొంటే తగ్గేవి. పరీక్షల భయమని కొందరు, ‘నజర్’ తగిలిందని ఇంటివారు, ఉపవాసాల నీరసమని మరికొందరు అన్నారు. (రంజాను గడచి నాలుగు నెలలైనా ఉపవాసాన్నే తప్పుపట్టడం విడ్డూరం!) మేము కూడా “పొద్దున్నే ఏమైనా తిని రావమ్మా” అని చెప్పి చేతులు దులుపుకొన్నవారమే. వైద్యుల వద్ద కూర్చోబెట్టి బి.పి. చూచారు, ఒకనాడు సరిగా వున్నది, ఒకనాడు కొంచెం హెచ్చు, ఒకనాడు తక్కువ. “జబ్బేమీ లేదు, అంతా మనోబలహీనత” అన్న మాట ఆమెను జబ్బుకన్న ఎక్కువగా కుంగదీసింది. చదువు మానే దాకా వచ్చింది.

మనం లేచి నిలబడగానే దాదాపు అర లీటరు మొదలు ముప్పావు లీటరు దాకా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. మెడలోని ధమనులలోను, బృహద్ధమని వంపులోను వున్న సూక్ష్మమైన నరాల కొసలు ఈ మార్పును పసిగడతాయి. వెంటనే రక్తనాళాలు బిగుసుకొంటాయి, గుండెవేగం కొద్దిగా హెచ్చుతుంది, పోటు నిలబడుతుంది. ఈ ఏర్పాటు తడబడినవారి విషయంలో, కుర్చీలో కూర్చోబెట్టి తీసిన ఒక్క కొలత ఏమి చెప్పగలదు?

1037లో మరణించిన ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’ గ్రంథంలో ప్రేమవ్యాధిని చర్చిస్తూ ఒక ఉపాయం చెప్పాడు. రోగి నాడిపై వేలుంచి, మనుష్యుల పేర్లు, వీధులు, ఊళ్లు ఒక్కొక్కటిగా పలుకుతూ, ఏ మాటకు నాడి మారుతున్నదో గమనించమన్నాడు. కథగా వింటే ఇది సరసంగా వుంటుంది. పద్ధతిగా చూస్తే, స్థితిని మార్చి, రోగి నాడిని అదే రోగి నాడితో పోల్చడమే ఇందులోని కిటుకు. అయితే పోటును కొలిచే సాధనం ఆయనకు లేదు. చేతికి చుట్టే పట్టీ పరికరాన్ని ఇటలీకి చెందిన రివా రోచి 1896లో ప్రకటించాడు. స్టెతస్కోపుతో ధమని చప్పుళ్లు విని పై పోటును, క్రింది పోటును గుర్తించే విధానాన్ని రష్యాకు చెందిన కొరోత్కోవ్ 1905లో తెలిపాడు.

చివరకు ఒక వైద్యురాలు మా విద్యార్థినిని ఐదు నిమిషాలు పడుకోబెట్టి కొలిచారు: నాడి 74, పోటు 110/70. తర్వాత గోడకు ఆనకుండా నిలబెట్టి ఒకటి, మూడు, ఐదు, పది నిమిషాలకు మళ్లీ చూచారు. పోటు పడిపోలేదు; నాడి మాత్రం 120 దాటి అక్కడే నిలిచింది.

నిలబడిన మూడు నిమిషాలలోగా పై పోటు 20 గాని, క్రింది పోటు 10 గాని తగ్గితే అది ఒక తరహా జబ్బు. పోటు అలా తగ్గకుండా, పది నిమిషాలలో గుండెవేగం 30 హెచ్చి నిలిచి, బాధలు కనీసం మూడు నెలలుగా వుంటే దానిని ‘పోట్స్’ అంటారు. 12 మొదలు 19 ఏళ్లవారికి ఈ హెచ్చు 40 వుండాలి. (ఈ పేరుకు మన ‘పోటు’తో చుట్టరికం లేదు; ఆంగ్లపు పొడి అక్షరాల కూర్పు.) 1993 నుండి వాడుకలోకి వచ్చిన ఈ పేరుగల జబ్బు యువతులలో అధికం. కోవిడ్ సోకిన తర్వాత కూడా కొందరిలో కనిపించింది.

కొలత దొరికినంత మాత్రాన నిర్ధారణ పూర్తికాదు. రక్తహీనత, థైరాయిడ్ అతివేగం, ఒంట్లో నీరు తగ్గడం, వాడుతున్న మందులు కూడా ఇదే వేషం వేస్తాయి. తలనొప్పి, చెమట, దడ ఉండి ఉండి ముంచుకొచ్చి పోటు విపరీతంగా హెచ్చితే అడ్రినల్ గ్రంథిలో కంతిని అనుమానించాలి. నాడి కొట్టుకు కొట్టుకు పొంతన లేకుంటే ఇ.సి.జి. తప్పదు. ఆ క్షణంలో గుండె బుద్ధిగా వుంటే, 24 గంటలు ఒంటిపై వుంచే హోల్టర్ యంత్రం వున్నది. పోటుకూ అటువంటిదే వున్నది. వైద్యుని చూడగానే పోటు హెచ్చేవారి గుట్టు దానితో బయటపడుతుంది.

ఇంటిలో చూచుకొనేవారు అరగంట ముందునుండి చాయ్, పొగ, వ్యాయామం మాని, చేతిని గుండె ఎత్తున వుంచి కొలవాలి. తేది, వేళతో పాటు అప్పుడు పడుకొన్నారో, కూర్చున్నారో, నిలబడ్డారో వ్రాయాలి. ఆ నోటుపుస్తకం వైద్యునికి ఎంతో ఉపకరిస్తుంది. నిలబడి చూచేటప్పుడు ప్రక్కన ఒకరుండాలి. పరుగెత్తుతూ స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కుటుంబంలో చిన్నవయస్సు హఠాన్మరణాలున్నా పుస్తకంతో పనిలేదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆ వైద్యురాలు ఆమెకు నీరు, ఉప్పు పెంచమన్నారు, బిగుతైన మేజోళ్లు ధరించమన్నారు. (రక్తపోటు హెచ్చుగా వున్నవారు ఇది అనుకరించరాదు.) ఆమె ఇప్పుడు ప్రార్థనలో కుర్చీపై కూర్చుంటున్నది. ఆ కుర్చీకై ఆమె ప్రతిదినం అనుమతి అడుగవలసిన పరిస్థితి తొలగించవలసిందని, కళాశాలకు ఒక బి.పి. యంత్రము, పడుకొనడానికి ఒక బల్ల సమకూర్చవలసిందని కమిటీవారిని కోరుతున్నాము.