ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి ఒక ఉత్తరం

కాకినాడ

చి. లావణ్యకి,

నిన్ను మెడికల్ వార్డుకి ఇన్‌ఛార్జ్‌ని చేశారని మీ అమ్మ చెప్పింది. సంతోషం. వచ్చీరాగానే ఇద్దరు సిస్టర్లు గల్ఫ్‌కి వెళ్ళడానికి రాజీనామా ఇచ్చారని బెంగపడుతున్నావట. జీతం కోసం వెళ్ళేవాళ్ళని నువ్వు ఆపలేవు, ఆపకూడదు కూడా. కానీ పైకి జీతమని చెప్పి, నిజానికి ఇన్‌ఛార్జ్‌ని భరించలేక వెళ్ళేవాళ్ళూ ఉంటారు. నీ చేతిలో ఉన్నది వాళ్ళ సంగతే.

అమెరికాలో నర్సులకి కరువొచ్చిన రోజుల్లో అక్కడి నర్సింగ్ అకాడమీ, కొన్ని ఆసుపత్రుల్లో మాత్రం నర్సులు ఎందుకు నిలబడుతున్నారని ఆరా తీసింది. అలాంటివి 41 ఎంచి 1983లో నివేదిక వేసింది. వాటికే 'మాగ్నెట్' ఆసుపత్రులని పేరు. అక్కడ నర్సింగ్ పెద్దలు వార్డుల్లో కనబడేవారు, కిందివాళ్ళ మాట విని నిర్ణయాలు తీసుకునేవారు.

నీ పెత్తనం ఎలాంటిదో ముందుగా బయటపెట్టేది డ్యూటీ చార్ట్. పోయిన సంక్రాంతికి ఎవరు డ్యూటీ చేశారో వార్డులో అందరికీ గుర్తుంటుంది. చనువున్నవాళ్ళకి ఆదివారం సెలవులు, నోరులేనివాళ్ళకి నైట్లు పడితే ఎవరూ నిన్ను అడగరు, లోలోపల ఉడికిపోతారు. చార్ట్ గోడకెక్కే ముందు అందరికీ చూపించు. మార్చాల్సి వస్తే ఎందుకో చెప్పి మార్చు.

తర్వాతది పొరపాటు. "సిస్టర్, 12వ బెడ్ ఇంజెక్షన్ 14కి వేసేశాను" అని ఓ పిల్ల వణుకుతూ వస్తుంది. నీ నోట మొదట రావాల్సిన మాట "పేషెంట్ ఎలా ఉన్నారు?" అని. డాక్టర్‌కి చెప్పి, చూడాల్సింది చూసి, ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయించు. ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు 8 నర్సింగ్ యూనిట్లలో మందుల పొరపాట్లు పరిశీలించి 1996లో ఒక వింత బయటపెట్టింది. మంచి నాయకత్వం ఉన్నచోటే పొరపాట్లు ఎక్కువ లెక్కకొచ్చాయి. అక్కడి నర్సులు చేతకానివాళ్ళై కాదు, భయం లేక చెప్పుకున్నారు. నీ వార్డులో ఏ పొరపాటూ నీ దాకా రావట్లేదంటే మురిసిపోకు, అనుమానించు.

అలాగని చూసీచూడనట్టు ఊరుకోమనడం లేదు. రోజూ ఆలస్యంగా వచ్చే సిస్టర్‌ని నువ్వు అడగకపోతే, హ్యాండోవర్ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డ పిల్లకి శిక్ష వేసినట్టే. అడుగు. పేషెంట్ల ముందు కాదు, పక్కకి పిలిచి.

నీ మంచితనంతో మనుషుల కొరత తీరిపోతుందని మాత్రం అనుకోకు. 2002లో లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియా ఆసుపత్రులని పరిశీలిస్తే, నర్సుకి ఒక్కో రోగి అదనంగా పడేకొద్దీ ఆమె పని ఒత్తిడికి పూర్తిగా అలసిపోయే అవకాశం 23 శాతం చొప్పున పెరుగుతుందని తేలింది. అందుకని "ఈ రాత్రి ఇన్ని బెడ్లు, ఇంతమంది సిస్టర్లు" అని తేదీ వేసి రాసి సూపరింటెండెంట్‌కి ఇవ్వు, కాపీ దగ్గర పెట్టుకో. నోటిమాట మీటింగ్ గది దాటదు. పైనుంచి అక్షింతలు పడితే నీతోనే ఆగిపోనీ, తెచ్చి నర్సింగ్ స్టేషన్‌లో పంచకు.

ఇప్పుడు చేయాల్సిన పని ఒకటి చెబుతాను. వెళ్ళిపోతున్న ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి, వార్డులో ఏది మారి ఉంటే ఇంకో ఏడాది ఉండేవారో అడుగు. అయితే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేతికిచ్చాకే అడుగు. అంతకుముందు అడిగితే అంతా బాగుందనే అంటారు. వాళ్ళు చెప్పినవాటిలో ఒక్కటైనా వచ్చే నెల నుంచి అమలు పెట్టు. మిగిలినవాళ్ళు గమనిస్తారు.

వేళకి తిను.

మీ పెద్దమ్మ