థైలేరియా జ్వరం: కణం గుమ్మంలో దొరికే ఆనవాళ్ళు

సంకరజాతి ఆవులు పెంచే సభ్యులకు థైలేరియా జ్వరం సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఒళ్ళు కాలిపోయే జ్వరం వస్తుంది. భుజం ముందరి గ్రంథులు వాస్తాయి. మేత మానేస్తుంది, పాలు పడిపోతాయి. వైద్యం ఆలస్యమైతే ఆవు దక్కదు. అప్పు వాయిదాలు మాత్రం మిగులుతాయి. ఈ జబ్బును పశువు శరీరం ఎలా పసిగడుతుందో, ఆ ఆనవాళ్ళను శాస్త్రజ్ఞులు ఎలా చదువుతున్నారో ఈ పాఠంలో తెలుసుకుందాం.

దొంగ ఇంటిలోనే

ఈ జబ్బుకు కారణం థైలేరియా అన్యులేటా అనే సూక్ష్మ పరాన్నజీవి. పిడుదులు కుట్టినప్పుడు పశువు ఒంట్లో ప్రవేశించి, మొదట తెల్ల రక్తకణాలలో దాగి, వాటితోపాటే పెరుగుతుంది. లోపల దాగిన దానిని రక్తంలో తిరిగే ప్రతిరక్షకాలు అందుకోలేవు. మరి శరీరానికి జాడ ఎలా తెలుస్తుంది?

మన సంఘంలో ప్రతి సభ్యుని పాల నుంచి కొద్దిగా నమూనా తీసి పరీక్షిస్తాం గదా! జీవకణం చేసేదీ అదే. తనలోని మాంసకృత్తులను ముక్కలు చేసి, కొన్నింటిని పైపొర మీద ఉంచుతుంది. ఈ ముక్కలే పెప్టైడులు. ఒక్కొక్కదానిలో సాధారణంగా 8 నుంచి 11 ఎమైనో ఆమ్లాలుంటాయి. వాటిని పట్టి నిలిపే మాంసకృత్తును ఎం.హెచ్.సి. అంటారు. టి-కణాలనే కాపలాదారులు ఈ నమూనాలను తనిఖీ చేసి, పరాయి ముక్క కనబడితే ఆ కణాన్నే చంపివేస్తాయి.

ముక్కలను తూచే యంత్రం

ఈ ముక్కలను చదివే సాధనం మాస్ స్పెక్ట్రోమీటర్. ముందుగా కణాలను కరిగించి, ఎం.హెచ్.సి.ని వేరు చేస్తారు. ఆమ్లంతో దాని నుంచి పెప్టైడులను విడదీస్తారు. వాటికి విద్యుదావేశం కల్పించి యంత్రంలోకి పంపితే, అది ఒక్కొక్కదాని బరువు లెక్కకడుతుంది. తరువాత ముక్కను మరల విరిచి, ఆ తునకల బరువులను బట్టి ఎమైనో ఆమ్లాల వరుసను పోల్చుకుంటారు. 1992లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు మానవ కణాల పెప్టైడులను ఇలా చదివి చూపారు.

ఆవులకేమి లాభం?

తూర్పు ఆఫ్రికాలో పశువులను బలిగొనే థైలేరియా పార్వా మన జబ్బుకు దాయాది. అది సోకిన ఆవు కణాలపై స్కాట్లండులోని రోస్లిన్ సంస్థ శాస్త్రజ్ఞులు, మరికొందరు కలిసి ఈ పరీక్ష జరిపి, 2018లో ఫలితాలు ప్రచురించారు. ఇక్కడొక చిక్కుంది. అన్ని ఆవుల ఎం.హెచ్.సి. ఒక్కటి కాదు. ఒక ఆవు కణం చూపే ముక్కను పక్క ఆవు కణం చూపకపోవచ్చు. అందుచేత ఒకే ముక్కతో చేసిన టీకా మందనంతటినీ కాపాడలేదు. ఏ రకం ఆవులో ఏ ముక్క నిజంగా పైకి వస్తుందో తెలిస్తేనే పలు ముక్కలు ఎంచి టీకా కూర్చడం వీలవుతుంది. అటువంటి టీకా ఇంకా రైతు చేతికి రాలేదు.

ఈలోగా మన పని

బలహీనపరచిన సజీవ థైలేరియాతో చేసిన టీకాను హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారుచేసింది. ఈ సంస్థను జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి 1982లో స్థాపించింది. ఘనీకృత వీర్యం లాగే ఈ టీకానూ ద్రవ నత్రజనిలో నిలవచేయాలి. దొరికే వీలు, వేయించే వయస్సు, చూడి పశువుల విషయం పశువైద్యుని అడిగి తెలుసుకోండి.

పిడుదులు కొట్టం గోడల పగుళ్ళలో దాగుతాయి. పగుళ్ళు పూడ్చండి. పశువుకూ, కొట్టానికీ వైద్యుడు చెప్పిన మందే, చెప్పిన మోతాదులోనే వాడండి. జ్వరం, గ్రంథుల వాపు కనబడిన రోజే కబురు పంపండి. బుపార్వాక్వోన్ సూదిమందు తొలిదశలో బాగా పనిచేస్తుంది. రక్తం క్షీణించాక ఆశ తక్కువ. యంత్రం చదివే ఆనవాళ్ళు శాస్త్రజ్ఞులకు. కొట్టంలో కనిపించే ఆనవాళ్ళు మనకు. వాటిని తప్పిపోనివ్వవద్దు.