ఉత్తరము ఎచ్చట ఆగినది?
(మెయిల్ సర్వరు లోపములను కనుగొను క్రమము)

విద్యార్థులారా! విద్యార్థివేతనమునకు దరఖాస్తు పంపుటకు రేపే కడపటి దినమనుకొనుడు. కాగితములన్నియు సిద్ధముగా నున్నవి. పంపబోవునప్పటికి తెరపై ‘సర్వరుతో సంబంధము కుదరలేదు’ అని కనబడినది. అట్టి సమయమున కొందరు కంప్యూటరును మాటిమాటికి ఆపి నడిపింతురు. కొందరు అమరికలన్నియు మార్చివేయుదురు. కొందరు ఒకే ఉత్తరమును పదిమారులు పంపుదురు. వీనివలన లోపము తెలియదు సరికదా, క్రొత్త లోపములు వచ్చి చేరును. లోపమును వెదకుటకు ఒక క్రమము కలదు. దానిని నేర్చుకొన్నవారికి ఈ పని కష్టము కాదు.

మెయిల్ సర్వరు అననేమి?

మెయిల్ సర్వరు తపాలా కార్యాలయము వంటి కంప్యూటరు. మనము వ్రాసిన ఉత్తరమును అది పుచ్చుకొని, చేరవలసిన వారి సర్వరునకు అందజేయును. 1971లో రే టామ్లిన్‌సన్ అను అమెరికా ఇంజనీరు నెట్‌వర్కు మీద ఒక కంప్యూటరునుండి మరియొకదానికి ఉత్తరము పంపెను. సర్వరులు పరస్పరము మాటలాడుకొనుటకు ఎస్.ఎం.టి.పి. అను నియమావళిని జాన్ పోస్టెల్ 1982లో ప్రకటించెను. నేటికిని ఉత్తరములు ముఖ్యముగా ఆ పద్ధతినే నడచుచున్నవి.

రైలుమార్గపు దృష్టాంతము

బెంగళూరునుండి హిందూపురమునకు పోవు రైలుమార్గము దొడ్డబళ్లాపురము, మాకళిదుర్గము, తొండేభావి, గౌరీబిదనూరులమీదుగా పోవును. హిందూపురమునకు రావలసిన మూట రాలేదనుకొందము. అది బండి ఎక్కినదా? త్రోవలో ఆగినదా? స్టేషనులో దిగినను తీసికొనువారు లేకపోయిరా? బయలుదేరిన చోటునుండి ఒక్కొక్క స్టేషనును విచారించుచు పోయినచో, మూట ఎచ్చట నిలిచినదో తప్పక తెలియును. ఉత్తరము విషయమునను ఇదే మార్గము.

అయిదు మెట్లు

1. యంత్రము, కేబులు: మొదట దగ్గరనున్న వస్తువును చూడవలెను. కేబులు గట్టిగా నమరినదా? అది చేరుచోట చిన్న దీపము వెలుగుచున్నదా? రూటరునకు కరెంటు కలదా? అనేక లోపములు ఇచ్చటనే దొరకును.

2. త్రోవ: ‘పింగ్’ అను సాధనముతో మొదట మన రూటరును, పిదప దూరముననున్న ఒక కంప్యూటరును పిలువవలెను. దీనిని మైక్ మ్యూస్ 1983లో రచించెను. రూటరు పలికి దూరపు యంత్రములేవియు పలుకనిచో, లోపము రూటరునకు ఆవల నుండవచ్చును. కొన్ని సర్వరులు భద్రత కొరకు పింగ్‌నకు బదులీయవు. కావున ఒక్క యంత్రము పలుకనంతమాత్రమున అది చెడినదని నిశ్చయింపరాదు.

3. పేరు: కంప్యూటరులు ఒకదాని నొకటి అంకెల విలాసముతో గుర్తించును. మనము వ్రాయు పేరునకు సరియైన అంకెలను డి.ఎన్.ఎస్. అను వ్యవస్థ తెలుపును. పాల్ మొకాపెట్రిస్ దీనిని 1983లో రూపొందించెను. అంకెలతో పిలిచిన పలికి, పేరుతో పిలిచిన పలుకకున్నచో, లోపము డి.ఎన్.ఎస్.లో నున్నదని తెలిసికొనవలెను. ఒక సంస్థకు వచ్చు ఉత్తరములను ఏ యంత్రము పుచ్చుకొనునో తెలుపు ఎం.ఎక్స్. నమోదును గూడ చూడవలెను.

4. ద్వారము: సర్వరునకు పోర్టులను సంఖ్యగల ద్వారములు కలవు. సర్వరులు తమలో తాము 25వ పోర్టున మాటలాడును. మనము ఉత్తరము అప్పగించుటకు సాధారణముగా 587, వచ్చినవి చదువుటకు 993 వాడుదుము. ద్వారము తట్టగానే ‘నిరాకరింపబడినది’ అని వచ్చినచో, యంత్రము చాలవరకు బాగుగనే యున్నది, లోపల పనిచేయవలసిన కార్యక్రమము నడచుట లేదు. ఎంత వేచినను ఏ బదులును రానిచో, నడుమ ఫైర్‌వాల్ అను కావలి అడ్డగించి యుండవచ్చును. సర్వరు చెంతనే కూర్చుండి 127.0.0.1 అను దాని స్వీయ విలాసమునకు తట్టిచూడుడు. లోపల పలికి వెలుపలికి పలుకకున్నచో, అనుమానము కావలిమీదికి పోవును. అక్కరలేని ఉత్తరముల వెల్లువను అరికట్టుటకై ఇంటర్నెట్ కంపెనీలు అనేకము 25వ పోర్టును మూసియుంచునని గూడ జ్ఞప్తియందుంచుకొనుడు.

5. సంభాషణ: ద్వారము తెరచినపిమ్మట సర్వరు మూడంకెల సంఖ్యతో బదులు చెప్పును. 220 అనగా సిద్ధముగా నున్నాననియు, 250 అనగా కోరినపని నెరవేరినదనియు అర్థము. 4తో మొదలగునవి తాత్కాలిక విఘ్నములు: 421 అనగా ఇప్పుడు సేవ చేయజాలననియు, 452 అనగా చోటు చాలదనియు భావము. 5తో మొదలగునవి శాశ్వత నిరాకరణములు: 550 వచ్చినచో సాధారణముగా అట్టి పెట్టె లేదనియో, అనుమతి లేదనియో అర్థము. అప్పుడు మరల మరల పంపుట వ్యర్థము, విలాసమును సరిచూడవలెను.

ఈ సంఖ్యలలో మన విద్యార్థులకొక మేలు కలదు. ఇంట తెలుగు, అంగడిలో కన్నడము, కంప్యూటరు తెరపై ఇంగ్లీషు చూచు మనకు హెచ్చరిక మాటలు వెంటనే బోధపడకపోవచ్చును. ఆ మూడంకెలు మాత్రము ఏ భాషవారికైనను ఒక్కటే. కావున తెరపై వచ్చిన దానిని చెరిపివేయక, సంఖ్యతోసహా కాగితముమీద వ్రాసికొనుడు. బాగుచేయువారికి అదియే మొదటి ఆధారము.

ఓర్పు, జాగ్రత్త

4తో మొదలగు బదులు వచ్చినప్పుడు ఉత్తరము పోయినదని దిగులుపడనక్కరలేదు. పంపు సర్వరు దానిని వరుసలో నిలిపి, కొంత వ్యవధి నిచ్చి మరల ప్రయత్నించును. అట్లు నాలుగైదు దినములవరకు విడువరాదని నియమము చెప్పుచున్నది. కాని దరఖాస్తుల గడువు సర్వరు కొరకు ఆగదు. గడువుగల కాగితములను రెండు మూడు దినములు ముందుగా పంపి, అందినవో లేదో టెలిఫోనులో కనుగొనుట మేలు. ఈ సంగతి తల్లిదండ్రులును గమనింపవలెను.

ఒక్కొక్కప్పుడు లోపము మన చేతిలో నుండదు. 2008 జనవరి 30న ఈజిప్టు దేశమున అలెగ్జాండ్రియా సమీపమున సముద్రగర్భపు కేబుళ్లు తెగగా, భారతదేశమున ఇంటర్నెట్ మిక్కిలి మందగించెను. అట్టివేళ మన అమరికలను మార్చినవారు, కేబులు బాగుపడినపిదప గూడ చిక్కులు పడుదురు. కావున ఒకమారు ఒక్కటే మార్చవలెను, మార్చినదానిని వ్రాసికొనవలెను, ఫలితము లేనిచో పూర్వమువలె చేయవలెను. దగ్గరనుండి దూరమునకు, తెలిసినదానినుండి తెలియనిదానికి నడచువాడు, లోపము తన చేతిలో లేకున్నను, ఎవరికి తెలుపవలెనో ఎరుగును.

ప్రశ్నలు

1. అంకెలతో పలికి, పేరుతో పలుకని యంత్రమునందు ఏ లోపమును అనుమానింపవలెను?
2. ‘నిరాకరింపబడినది’ అను బదులునకును, బదులే రాకుండుటకును భేదమేమి?
3. 421, 550 అను సంఖ్యలలో దేనికి వేచియుండవలెను? దేనికి విలాసము సరిచూడవలెను?
4. ఒకమారు ఒక్క అమరికనే ఏల మార్చవలెను?